కుర్చీలోంచి లేవకూడదు

"ఆ తాళంచెవి ఇప్పుడా తలుపుకి పట్టదు" అన్నాడు గ్లెన్.

డోరీన్‌కి ముందు అర్థం కాలేదు. చెక్క రోలర్‌కోస్టర్ ఎక్కడానికి ఇనపకమ్మీల మధ్య మెలికలు తిరిగిన వరుసలో, వెనక్కి పోదామన్నా దారిలేనంత లోపల ఇద్దరూ ఇరుక్కుని ఉన్నారు. నెత్తిన జూలై ఎండ మాడుస్తోంది. పక్కనే అంత సరస్సు ఉన్నా, గాలి మాత్రం ఆ రోజు సెలవు పెట్టింది.

"పట్టకపోవడమేంటి? వాడి దగ్గరున్నది మనింటి తాళంచెవేగా!"

"తాళం మార్చేశాను. బయల్దేరే ముందు. నువ్వు జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళావు చూడు, అప్పుడు."

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే జుట్టు మీదికి పోయింది. ఈ ప్రయాణం కోసం, పెళ్ళిరోజు కోసం, ఈ మొగుడి కోసం కత్తిరించుకున్న జుట్టు. తను అక్కడ అద్దంలో చూసుకుని మురిసిపోతున్న వేళకి, ఇక్కడ ఈ పెద్దమనిషి గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కన్నకొడుకు లోపలికి రాకుండా కొత్త తాళం బిగిస్తున్నాడన్నమాట!

"నాతో ఒక్క మాట చెప్పకుండానా?"

"వాణ్ణి రమ్మన్నానని నువ్వు నాతో చెప్పావా?"

నిజమే, చెప్పలేదు. ఇందాకే, అతను విసురుగా వెళ్ళిపోవడానికి వీల్లేని చోటు చూసుకుని చెప్పింది. కొలంబస్‌లో మత్తుమందులు మాన్పించే కేంద్రం నుంచి ట్రావిస్‌ని రేపు పంపించేస్తున్నారనీ, తర్వాత ఉండబోయే వసతిలో సోమవారం దాకా మంచం ఖాళీ లేదనీ, అందాకా ఫిండ్లీలో మనింట్లోనే ఉండమని తనే అన్నాననీ చెప్పింది. చెప్పి, అరుస్తాడని కాచుకుంది. అతను అరవలేదు. తాళం సంగతి చెప్పాడు.

"పెళ్ళిరోజు శుభాకాంక్షలు!" అందో గొంతు.

ఇద్దరి చొక్కాల మీదా గుండ్రటి బిళ్ళలున్నాయి. పెళ్ళిరోజని చెబితే గేటు దగ్గర పార్కువాళ్ళే ఊరికే ఇస్తారు. అది తగిలించుకున్న పాపానికి పొద్దుటినుంచీ దారినపోయే ప్రతివాడూ ఆగి దీవించి పోతున్నాడు. ఇప్పుడు దీవిస్తున్నది ముందు నిలబడ్డ ఓ లావుపాటావిడ. చేతిలో నిమ్మరసం, మొహం నిండా నవ్వు.

"ఎన్నేళ్ళయిందండీ?"

"ముప్ఫయ్యయిదు" అన్నారిద్దరూ ఒక్కసారే, నవ్వుతూ. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ మంచి సాధన ఉంది.

"అబ్బ, ఎంత ముచ్చటగా ఉన్నారో! రహస్యమేంటో మాకూ చెప్పకూడదూ?"

"ఒకరికొకరం ఏదీ చెప్పుకోకపోవడమేనండీ" అంది డోరీన్.

ఆవిడ పకపకా నవ్వి, మొగుడి భుజం మీద చరిచి, "విన్నావా?" అని అటు తిరిగింది. గ్లెన్ నవ్వలేదు.

"పోయినసారి వచ్చినప్పుడు మీ అమ్మ గోడగడియారం ఎటుపోయింది?" అన్నాడు గొంతు తగ్గించి. "షెడ్డులో నా పనిముట్ల పెట్టె ఎటుపోయింది? వాటికి కాళ్ళొచ్చి నడిచెళ్ళిపోయాయా?"

"అప్పుడు వాడు వాడు కాదు."

"ఎప్పుడు వాడో, ఎప్పుడు వాడు కాడో నీకెలా తెలుస్తుందో నాకూ కాస్త చెప్పు. చూసి తలుపు తీస్తా."

"ఛీ, నీతో మాట్లాడటం నాదే బుద్ధితక్కువ!"

ఆమె ఫోన్ తీసి కొలంబస్‌లోని ఆ కేంద్రానికి చేసింది. చికిత్సలో ఉన్నన్నాళ్ళూ చేరినవాళ్ళ ఫోన్లు అక్కడే తీసి పెట్టుకుంటారు, ట్రావిస్‌కి నేరుగా చెయ్యడానికి లేదు. ఎత్తిన అమ్మాయి గొంతు తేనెలో ముంచినట్టుంది.

"ఆ పేరుగలవాళ్ళు ఇక్కడున్నదీ లేనిదీ చెప్పడానికి మాకు అనుమతి లేదండీ."

"నేను వాడి తల్లినమ్మా."

"అర్థమైందండీ. కానీ ఉన్నారనీ చెప్పలేను, లేరనీ చెప్పలేను."

"సరే తల్లీ, చెప్పకు. ఒకవేళ ఉన్నాడే అనుకో, ఒక్క మాట వాడి చెవిన వెయ్యి. ఇంటి తాళం..."

"అలా అనుకోవడానికి కూడా లేదండీ, క్షమించండి."

తర్వాత పక్కింటి నార్మాకి చేసింది. నార్మా మంచిదే. ట్రావిస్ చిన్నప్పుడు సగం భోజనాలు వాళ్ళింట్లోనే. కానీ గడియారాలకీ పెట్టెలకీ కాళ్ళొచ్చిన కాలంలో ఆవిడింట్లోవి కూడా కొన్ని నడిచిపోయాయి.

"వస్తే చెప్తాలే. వరండాలో కూర్చోబెడతా, తినడానికేదైనా పెడతా. లోపలికంటావా... నన్నడక్కు డోరీన్."

ఆవిణ్ణి మాత్రం ఏమనగలదు? కన్నతండ్రే తలుపేసుకున్నాక!

"ఇప్పుడే ఇంటికి పోదాం పద" అంది గ్లెన్‌తో.

"వాడొచ్చేది రేపు మధ్యాహ్నం. ఇప్పుడు పోయి ఏం చేస్తాం?"

"వాడొచ్చేసరికి ఇంట్లో ఉంటాం. అమ్మానాన్నల్లా."

వరుస నాలుగడుగులు ముందుకి జరిగింది. వాళ్ళూ జరిగారు. ఏటా పెళ్ళిరోజుకి ఇదే తిరుగుడు వాళ్ళది: ఒక కోస్టర్ పార్కు, ఒక బేస్‌బాల్ ఆట, మళ్ళీ ఇంకో ఊళ్ళో ఇంకో పార్కు, ఇంకో ఆట. పెళ్ళయిన కొత్తలో చేతిలో డబ్బు ఇంకే సరదాకీ చాలని రోజుల్లో మొదలైంది. అతను హైస్కూల్లో బేస్‌బాల్ కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ సాగింది, పని మానేశాక కూడా సాగుతోంది. ఇంట్లో మాటలు కరువైన ఏళ్ళలో సైతం ఈ ప్రయాణం ఆగలేదు. అసలు అదొక్కటే మిగిలిందేమో కూడా.

"డోరీ, ఒక్కమాట చెప్తా విను" అన్నాడు చివరికి. "కేంద్రం నుంచి వాడు తిన్నగా ఇంటికొస్తాడని నాకు నమ్మకం లేదు. ఎన్నిసార్లు నమ్మాం చెప్పు? రేపు బయటికి రాగానే నీకు ఫోన్ చెయ్యాలి వాడు. చేస్తే నమ్ముతా. మనం క్లీవ్‌లాండ్‌లో ఆట చూస్తుంటాం కదా, ఆట ఎక్కడున్నా సరే, ఫోన్ మోగిన క్షణం లేచి కారెక్కుదాం. కొత్త తాళంచెవి నా చేత్తో నేనే వాడికిస్తా."

"నువ్వా? ఆట మధ్యలో లేచొస్తావా?"

"వస్తానన్నానుగా. మాటిస్తున్నా."

ఆ మాట పట్టుకునే ఆమె ఆ వరుసలో నిలబడగలిగింది. ఒక్క ఫోన్. వాడు చెయ్యాలి, తను ఎత్తాలి. అంతే కదా, అనుకుంది. చేస్తాడు. తన కొడుకు సంగతి తనకు తెలియదా?

కోస్టర్ బండిలో ఇద్దరి ఒళ్ళోకీ కలిపి ఒకటే కమ్మీ దిగి బిగుసుకుంది. టకటకమంటూ పైకి పోతుంటే గ్లెన్ అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు. ఆమె పట్టుకోలేదు. శిఖరం మీద బండి క్షణం ఆగి కిందికి దూకింది. అందరూ అరిచారు. డోరీన్ కూడా అరిచింది, అరుస్తూ భోరుమని ఏడ్చింది. ఆ చోట ఎంత ఏడ్చినా ఎవరూ ఏమిటని అడగరు. అది తలుచుకుని ఇంకాస్త ఏడ్చింది.

దిగాక "బాగుందా?" అన్నాడు గ్లెన్.

"ఆఁ" అంది.

* * *

మర్నాడు పొద్దుట లేచింది మొదలు ఆమె ట్రావిస్ నంబరు నొక్కుతూనే ఉంది. మోగదు. కేంద్రంలో పన్నెండింటికి గాని ఎవరి వస్తువులు వాళ్ళకివ్వరని గ్లెన్ చెబుతూనే ఉన్నాడు. ఆమె నొక్కుతూనే ఉంది. క్లీవ్‌లాండ్ చేరి, కారు పెట్టి, మైదానంలోకి నడిచి, సాసేజ్ బన్నులు కొనుక్కుని కుర్చీల్లో కూర్చునేసరికి ఒంటిగంట ఆట మొదలైంది.

పన్నెండు దాటింది, ఇక వాడే చెయ్యాలి, తను చెయ్యకూడదని ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. మోగితే వినపడదేమోనని మోతతోపాటు వణుకు కూడా పెట్టింది. బన్ను ముద్ద దిగడంలేదు. గ్లెన్ మాత్రం పొద్దుతిరుగుడు గింజలు నోట్లో పోసుకుని, పొట్టు కాగితం గ్లాసులో ఉమ్ముతూ, కోచ్ అవతారం ఎత్తేశాడు.

"చూడు, ఆ ఎడమచేతి కుర్రాణ్ణి చూడు. భుజం ఎంత తేలిగ్గా తిరుగుతోందో!"

సొంత జట్టు తరఫున బంతి విసురుతున్నవాడు కొత్తవాడు. పొడుగ్గా, సన్నగా, మెడ మీద చెమటతో స్కూలు పిల్లాడిలా ఉన్నాడు. డోరీన్ అతన్ని చూడటంలేదు. ఫోన్ని చూస్తోంది.

ఆమె తలెత్తింది జనం అరిచినందుకు కాదు, అరవడం మానేసినందుకు. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లలో అయిదోది దాటుతోంది. స్కోరుబోర్డు మీద అవతలి జట్టుకి హిట్ల గడిలో ఇంకా సున్నాయే ఉంది. పక్కన గ్లెన్ గింజలు నమలడం మానేశాడు. గ్లాసు నోటి దగ్గర పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

అవతలివాళ్ళలో ఒక్కడికి కూడా సరిగ్గా బంతి తగలకుండా ఒకే మనిషి ఆటంతా విసరడం ఎక్కడో, ఎప్పుడో జరుగుతుంది. దానికో పేరుంది. ఆట నడుస్తుండగా ఆ పేరు పలకరు. విసిరేవాడితో జట్టులో ఎవరూ మాట్లాడరు, అతని పక్కన కూర్చోరు. చూసేవాళ్ళు కుర్చీల్లోంచి లేవరు. ఎవరు ఎలా కూర్చుని ఉన్నారో అలాగే కూర్చుండిపోవాలి. కదిలారో, దిష్టి తగిలినట్టే. ముందు వరుసలో బీరు మీద బీరు పట్టించినాయన మోకాళ్ళు దగ్గరపెట్టుకుని నరకం చూస్తున్నాడు గాని లేవడంలేదు. నవ్వకండి. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరే జాతి మనది.

డోరీన్‌కి ఇదంతా కొత్త కాదు. కోచ్ పెళ్ళాం ఆమె. ఈ పట్టింపు తన ఒంట్లోనే ఉంది. పైగా ఇలాంటి ఆట ఆమె ఒకసారి చూసింది.

ట్రావిస్ స్కూలు చివరి ఏడాది. బంతి విసురుతున్నది వాడు, కోచ్ గ్లెన్. సగం ఆటయ్యేసరికి ఇదే నిశ్శబ్దం. ఆచారం ప్రకారం వాణ్ణి ఒంటరిగా వదిలేశారు. ఎవరూ పలకరించని చోట కూర్చుని వాడు మోచెయ్యి పట్టుకుని నొక్కుకోవడం పైనుంచి డోరీన్ చూసింది. అవతలి చివర నిలబడి గ్లెన్ కూడా చూశాడు. ఆమె కిందికి దిగిరాలేదు. అతను అడగలేదు. వాడు నోరు తెరవలేదు. ఆట గెలిచాడు, ఊరంతా భుజాల మీద మోసింది. మోచేతికి శస్త్రచికిత్స, నొప్పికి మాత్రలు, మాత్రలు మానలేకపోవడం, డాక్టర్లు రాయడం మానేశాక ఇంకోచోట కొనుక్కోవడం, అన్నీ ఆ తర్వాత వచ్చాయి. ఆ రోజు గురించి ఇంట్లో ముగ్గురూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఏడో ఇన్నింగ్స్‌లో ఆమె ఒళ్ళో ఫోన్ వణికింది.

తెర మీద ట్రావిస్ పేరు. చేశాడు! నా బిడ్డ ఫోన్ చేశాడు! ఆమె ఎత్తబోయింది. గ్లెన్ చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది.

"ఈ ఒక్క బ్యాటరూ అవనీ."

"గ్లెన్, ఫోన్ ట్రావిస్‌ది."

"చూశాను. ఒక్క నిమిషం."

"మాటిచ్చావు."

"ఒక్కడంటే ఒక్కడు డోరీ. నీకు దణ్ణం పెడతా."

గ్లెన్ ఎవరినీ బతిమాలే మనిషి కాదు. తన తండ్రి చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆస్పత్రిలో కూడా బతిమాలలేదు. ఆ గొంతు విని ఆమె చెయ్యి ఆగింది. పక్కసీట్లో చెవిలో రేడియో పెట్టుకున్న ముసలాయన తల తిప్పకుండానే, "కదలకమ్మా, నీ కడుపు చల్లగుండ, కదలకు" అన్నాడు. వెనక నుంచి ఎవరో "ఉష్!" అన్నారు.

ఫోన్ ఆగిపోయింది. బ్యాటర్ కొట్టిన బంతి గాల్లోకి లేచి, తిన్నగా వచ్చి మనవాడి చేతుల్లో పడింది. జనం ఒక్కసారి గుప్పున ఊపిరి వదిలారు.

"చూశావా" అన్నాడు గ్లెన్, ఆమె అక్కడ కూర్చుని ఉండటం వల్లనే అది జరిగినట్టు. "మళ్ళీ చేస్తాడులే. ఇంటికొచ్చాడన్నమాటే. వాడు ఇంటికొచ్చాడు డోరీ!" అతని కళ్ళు చెమర్చాయి. ఆ చెమ్మ కొడుకు కోసమో, ఆట కోసమో ఆమెకి అర్థం కాలేదు. అతనికైనా తెలుసని ఆమె అనుకోలేదు.

మళ్ళీ చేశాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో.

ఈసారి గ్లెన్ చూడనే లేదు. పిడికిళ్ళు బిగించి మైదానంలోకి చూస్తున్నాడు. ఆమెని ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఫోన్ అరచేతిలో వణుకుతోంది. బొటనవేలు దాని మీదే ఉంది.

కింద ఆ కుర్రాడు టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. భుజం ఓసారి తిప్పుకున్నాడు. దాంతో డోరీన్‌కి ఉన్నట్టుండి ఓ పిచ్చి ఆలోచన వచ్చింది. ఈ బిడ్డ చెయ్యి చెడకుండా, ఏ నొప్పీ లేకుండా ఈ ఆట ముగిస్తే నా బిడ్డ కూడా గట్టెక్కుతాడు. నేను కదిలితే వీడికి తగులుతుంది, వీడికి తగిలితే వాడికి తగులుతుంది. మొక్కు లాంటిదే. మొక్కుకున్నాక కదలకూడదు.

ఫోన్ బోర్లా పెట్టేసింది.

చిన్న మెసేజ్ అయినా పెట్టొచ్చు కదా అని మీరడుగుతారు. అడగండి. బతికినన్నాళ్ళూ ఆమె కూడా తనని తాను అదే అడుక్కోబోతోంది.

మూడోసారి మోగలేదు.

* * *

చివరి బ్యాటర్ మూడుసార్లు గాలిని కొట్టి వెనుదిరిగేసరికి మైదానం పగిలిపోయింది. జట్టంతా పరిగెత్తుకెళ్ళి ఆ కుర్రాడి మీద పడింది. ముసలాయన డోరీన్‌ని కావలించుకున్నాడు. బీరాయన అంత గొడవలోనూ మెట్లవైపు పరుగు తీశాడు. గ్లెన్ చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"పెద్ద లీగులో ఇది చూడాలని బతుకంతా అనుకున్నా డోరీ! నీతోనే చూశాను. పెళ్ళిరోజుకి నీతోనే!"

ఆమె మెట్లు దిగిపోతోంది. అతను కళ్ళు తుడుచుకుంటూ వెంటపడ్డాడు.

"వస్తున్నా, ఆగు. పద, ఇంటికే పోదాం. నేను మాటేం తప్పలేదు. కాస్త ఆలస్యమైంది, అంతేగా!"

తినుబండారాల కొట్ల వెనక, కాస్త మనుషులు పల్చగా ఉన్న చోట గోడకానుకుని ఆమె ట్రావిస్‌కి చేసింది. మోగింది, మోగింది, ఎత్తలేదు. వాడు మాట్లాడి వదిలిన సందేశాలు రెండున్నాయి. మొదటిది విన్నది.

వాడి గొంతు. తేలిగ్గా, పలచగా, ఎన్నో ఏళ్ళ కిందటి గొంతు.

"అమ్మా, వచ్చేశా. బస్సు దిగి నడిచొచ్చా. నా తాళంచెవి తిరగట్లేదే! వాడక తుప్పు పట్టినట్టుంది తాళం. నాన్న నూనెడబ్బా ఎక్కడ పెట్టాడో కాస్త చెప్పు. ఆకలేస్తోంది, నీ ఫ్రిజ్‌లో ఏదీ వదలను ముందే చెప్తున్నా. ఫోన్ చెయ్యి."

డోరీన్ నోరు చేత్తో మూసుకుంది. తుప్పు పట్టిందనుకున్నాడు. తండ్రి తాళం మారుస్తాడని వాడి ఊహకే అందలేదు.

"ఏమంటున్నాడు?" అన్నాడు గ్లెన్.

ఆమె చెప్పకుండా నార్మాకి చేసింది. రెండో సందేశం వినడానికి ధైర్యం చాల్లేదు.

"డోరీన్, నీకోసమే చూస్తున్నా" అంది నార్మా. గొంతు బాగాలేదు. "వాడు లేడు."

"లేకపోవడమేంటి?"

"నా వరండాలోనే కూర్చున్నాడు. శాండ్‌విచ్ పెట్టా, తిన్నాడు. రేడియో పెట్టుకున్నాం, ఆట వింటున్నాం. బాగున్నాడు డోరీన్. మొహం తేటగా ఉంది, నన్ను నవ్వించాడు కూడా. నేను లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చేసరికి మెట్ల మీద లేడు. డెరిక్ ట్రక్కు వీధి మలుపు తిరుగుతోంది."

"ఏ డెరిక్?"

"నీకు తెలుసు ఏ డెరికో."

తెలుసు. డాక్టర్లు మాత్రలు ఆపేశాక వాటికన్నా ఘోరమైనవి చేతికందించినవాడు. వాడి పేరు ఆ ఇంట్లో పలకరు.

"డెరిక్‌కి మనవాడే ఫోన్ చేశాడో, దారినపోతూ డెరిక్కే చూసి ఆపాడో నాకు తెలీదు. నేను లోపలికి రమ్మని ఉంటే... ఒక్క మాట రమ్మని ఉంటే పోయేది కదే!" అని నార్మా ఏడవడం మొదలెట్టింది.

"ఎప్పుడు నార్మా? ఎంతసేపయింది?"

"ఎనిమిదో ఇన్నింగ్స్ అయిపోయింది. తొమ్మిదోది ఇంకా మొదలవలేదు."

డోరీన్ ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఏముంది? అప్పుడు తను నిక్షేపంగా, చేతిలో ఫోన్ పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

రెండో సందేశం తెరిచింది. గ్లెన్ వినేలా ఫోన్ ఇద్దరి మధ్యా పట్టుకుంది. వెనక రేడియోలో గొంతు తగ్గించి చెబుతున్న ఆట, అదే ఆట, వాళ్ళు చూసిన ఆట వినిపించింది.

"అమ్మా... తాళం కొత్తదట, నార్మా ఆంటీ చెప్పింది. సర్లే. నాన్ననేమీ అనకు, నేనైనా అదే చేద్దును. ఇందాక నువ్వెందుకు ఎత్తలేదో ఇప్పుడర్థమైంది. ఇక్కడ రేడియోలో వస్తోంది. ఎత్తకు, సరేనా? లేవకు. నాన్ననీ లేవనివ్వకు, ఆయనకిది మళ్ళీ దొరకదు. నేనెక్కడో ఓచోట చూసుకుంటా." వాడు పెట్టేశాడనుకున్నారు. "ఆ కుర్రాడితో ఎవరైనా ఓ మాట మాట్లాడితే బాగుణ్ణమ్మా."

గ్లెన్ గోడ పట్టుకున్నాడు. ఇందాకటి కన్నీళ్ళు ఇంకా బుగ్గల మీదే ఉన్నాయి. స్కూలు మైదానంలో వందమంది పిల్లల్ని ఒక్క కేకతో నిలబెట్టిన గొంతు గుసగుసలోకి దిగింది.

"తిట్టొచ్చు కదా వాడు" అన్నాడు. "నన్ను తిట్టొచ్చు కదా!"

డోరీన్‌కి అతని మీద కోపం రావాలి. చెయ్యి పట్టుకుని ఆపింది అతనే. కానీ రెండోసారి ఆపింది ఎవరు? ఆ సంగతి అతనికి తెలియదు. రెండో ఫోన్ ఆమె కూడా చూసుకోలేదనే అనుకుంటున్నాడు. చెబితే ఈ భారం సగమవుతుందేమో. చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"పోలీసులకి చెబుదామా?" అంది.

"ఏమని? ముప్ఫై దాటిన మగాడు స్నేహితుడి బండెక్కాడనా?"

"డెరిక్ ఇల్లు తెలుసా నీకు?"

"ఏ ఇల్లని వెతకను? వారానికో కొంపలో ఉంటాడు."

ఇంటికి రెండు గంటల దారి. ఆట వదిలిన కార్లన్నీ ఒకేసారి రోడ్డెక్కాయి, ముందు ఈ ఊరు దాటాలి. దాటి వెళ్ళినా ఇంట్లో ఎవరున్నారు?

గ్లెన్ జేబులోంచి తన ఫోన్ తీశాడు. చలికాలంలో వాణ్ణి ఇంట్లోంచి పొమ్మన్నాక కొడుకు పేరు అందులోంచి తీసేశాడు. డోరీన్‌కి తెలుసు. నంబరు చెబుదామని ఆమె తన ఫోన్ చాపింది. అతను చూడలేదు. చూడకుండానే నంబరంతా నొక్కాడు, ఒక్క అంకె తడబడకుండా.

చెవి దగ్గర పెట్టుకోలేదు. ఇద్దరికీ వినపడేలా అరచేతిలో పట్టుకున్నాడు. అటుపక్క మోగుతోంది. ఇటు జట్టు రంగు టోపీలు పెట్టుకున్న జనం పాడుకుంటూ పోతున్నారు. మోగుతోంది.

టక్కున ఆగిపోయింది.

"కట్ చేశాడు" అన్నాడు గ్లెన్. మొహంలోకి ఎక్కడినుంచో ప్రాణం వచ్చింది. "చూశావా, కట్ చేశాడు! నా నంబరు చూసి ఒళ్ళుమండి కట్ చేశాడు. వాడే కదా డోరీ? వాడి చేత్తో వాడే కట్ చేసుంటాడు కదా?"

డోరీన్ ఫోన్ వైపే చూస్తోంది.

"మాట్లాడవేం? వాడేనని చెప్పు. వేరేవాళ్ళెందుకు కట్ చేస్తారు, వాడి ఫోన్ వేరేవాళ్ళ చేతికెందుకు పోతుంది? వాడేనని ఒక్కసారి చెప్పవే!"

ఆమెకి మాత్రం ఏం తెలుసు, చెప్పడానికి?

గ్లెన్ మళ్ళీ నంబరు నొక్కాడు. ఈసారి అసలు మోగనే లేదు.